డ్యాష్‌బోర్డు మీద తువ్వాలు

మా మామ పోయారన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. మూడో తరగతి పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా హెడ్‌మాస్టరు సెల్‌ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఇంటికి పోమ్మా, మీ మామ..." అని పిల్లలవైపు చూశారు. ఆ పొద్దున నేను బయల్దేరేటప్పుడు మామ అరుగుమీద కూర్చుని అంబలి తాగుతున్నారు. "గాలి మళ్ళింది సూడమ్మా, రెండు దినాల్లో వాన పడుతాది" అన్నారు. తాగిన చెంబు పక్కన పెట్టి, గోడకు చేరగిలబడి, అలాగే వెళ్ళిపోయారట. కునుకు తీస్తున్నారనుకుని మా అత్త చాలాసేపు లేపనేలేదు.

నల్లమాడ నుంచి మా ఊరికి ఆటోలో వస్తూ దారిపొడవునా ఏడ్చాను. అయినా నిజం చెప్పాలి. ఆ ఏడుపు అడుగున ఒక నెమ్మది ఉంది. చెప్పాల్సిన మాట ఆయన బతికుండగానే చెప్పేశాను కదా అన్న నెమ్మది. చెప్పకుండా ఉండి ఉంటే ఆ రోజు ఆయన కాళ్ళు పట్టుకుని ఏమని ఏడ్చేదాన్నో.

మామను గురించి ఊళ్ళో ఎవరినడిగినా ఏదో ఒకటి చెబుతారు. వానలు ఎగ్గొట్టిన ఏడు తన విత్తనపు వేరుశనగ కాయలు పంచిపెట్టారని ఒకరు, పొలం గట్టు తగాదాలో తన గట్టే లోపలికి జరుపుకున్నారని ఇంకొకరు. అవన్నీ వాళ్ళు చెబితేనే బాగుంటుంది. నేను చెబితే కోడలు పొగుడుతోందంటారు. నాకు మామ తెలిసింది ఒక పాత కారు డ్యాష్‌బోర్డు మూలంగా. ఆ సంగతి ఇంకెవరూ రాయలేరు గనక నేను రాస్తున్నాను.

నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చింది తొంభైల చివర్లో. ఆ ఏడే మామ గోరంట్ల నుంచి కారు తెచ్చుకున్నారు. ఇచ్చింది ఎవరో కాదు, ఆయన సొంత బావ, అంటే మామ అక్క మొగుడు. నాకు వరసకు పెద్దనాయన అవుతారు. గోరంట్లలో ఆయనకు బట్టల అంగడి ఉండేది. కొత్త కారు కొనుక్కుని, "పాతది బయటోళ్ళకు ఎందుకీయల్ల, నువ్వే తోలుకోప్పా" అని బామ్మర్దికి ఇచ్చారు. వెన్నరంగు కారు. పైన నీడలేని చోటే నిలిపేవాళ్ళం, ఎందుకంటే మా ఇంటి ముందర నీడ ఉన్న ఒక్క చోటూ ఎద్దులది.

ఆ ఏడు ఆయుధపూజకు నాగలి, గొర్రు, నీళ్ళ మోటారు అన్నీ కడిగి బొట్లు పెడుతూ, కారు వంతు నాకిచ్చారు. కొత్త కోడలికి అది పెద్ద మర్యాదే. బయటంతా కడిగాను, అద్దాలు తుడిచాను. లోపల డ్యాష్‌బోర్డు మాత్రం ఎన్నిసార్లు తడిగుడ్డ పెట్టినా ఎండకు వెలిసిపోయి బూడిద పూసినట్టే ఉంది. మా పుట్టింట్లో కాడిమాను, తలుపు చెక్కలు వెలిసిపోతే మా నాయన వేరుశనగ నూనె గుడ్డతో రుద్దేవాడు. కాసేపటికి నల్లగా నిగనిగలాడేవి. నాకూ అదే బుద్ధి పుట్టింది. వంటింట్లోంచి గిన్నెలో గానుగ నూనె తెచ్చి, పాత రవికె గుడ్డ ముంచి ఆ చివర నుంచి ఈ చివరకు రుద్దాను. స్టీరింగు వెనకాల, మీటర్ల మీదుండే గూడు మాత్రం ముట్టుకోలేదు. అక్కడ ఏదైనా తగిలితే బండి కదులుతుందేమోనని నా భయం.

పూజకు వచ్చినవాళ్ళంతా కారులోకి తొంగిచూశారు. "కోడలు అడుగుపెట్టినాక కారుకు కళ వచ్చె" అన్నారు. మా అత్త దగ్గరికి వచ్చి, "ఏం పూసినావే?" అని అడిగింది.

"ఏం లేదత్తా, బాగా తుడిచినా అంతే" అన్నాను.

ఎందుకలా అన్నానంటే గొప్పకు పోయి. అదంతా నా చేతి పనితనం అనుకోవాలని. ఒకసారి అన్నాక నిలబెట్టుకోవాలి కదా. శుక్రవారం పొద్దున దీపం కుందులు తోమే వేళకు ఎవరూ చూడకుండా కారుకు కూడా నాలుగు చుక్కలు పట్టించేదాన్ని. సంక్రాంతి దాకా అలా సాగింది. ఆ తర్వాత నాకు బళ్ళో ఉద్యోగం వచ్చి, శుక్రవారాలు తీరిక లేక మానేశాను, మరిచీపోయాను.

ఉగాది దాటి ఎండలు ముదిరేసరికి డ్యాష్‌బోర్డు బంకలా తయారైంది. చెయ్యి పెడితే చర్మం లాగేది. ఎర్రదుమ్ము, వేపపూత, కాయల పొట్టు, తిరుణాల నుంచి తెచ్చిన విభూతి, ఏది పడితే అది అంటుకుని ఉండిపోయేది. ఒకరోజు మామ పేపరు మడిచి దానిమీద పెట్టి మరిచిపోతే, తీసేసరికి సగం పేజీ అక్కడే నిలిచిపోయింది. ఆ జిడ్డు మెరుపు ఎదర అద్దంలో పడి దారి కూడా సరిగ్గా కనిపించేది కాదు. ఎవరో మెకానిక్కు చూసి, "ప్లాస్టిక్కే కుళ్ళిపోయిందన్నా. అమ్మినోళ్ళకు తెలిసే ఉంటాది" అని ఒక మాట విసిరిపోయాడు. మామ అది నమ్మారు. నేనూ నమ్మాను.

ఆ నెలలోనే గోరంట్లలో పెద్దనాయన అంగడికి వెనకవైపు కొత్త గది కట్టి పూజ పెట్టుకున్నారు. మామ తెల్లచొక్కా వేసుకుని కారులో పోయారు. దిగేసరికి మోచేతి దగ్గర నల్లటి మరక. అక్కడున్నవాళ్ళు నవ్వారు. మామకు కోపం తక్కువే గానీ వస్తే ఆగదు.

"బావ గదా అని నమ్మితే, కుళ్ళిన బండి అంటగట్టినాడు ఈ మోసగాడు" అన్నారు నలుగురిలో.

"నా తావ ఉన్నన్నాళ్ళు అద్దం మాదిరి ఉండె. మోసం చేసి బతకాల్సిన ఖర్మ నాకు లేదు. ఇంగ నా గడప తొక్కొద్దుపో" అన్నారు పెద్దనాయన.

మామ అక్క, నాకు పెద్దమ్మ, అన్నం గరిటె చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడే ఉంది. మామకు చిన్నప్పుడే తల్లి పోతే ఎత్తుకుని పెంచింది ఆమే. ఏటా నాగులచవితికి పుట్టింటికి వచ్చి పుట్టలో పాలు పోసి, నాలుగు రోజులుండి పోయేది. ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడు కూడా రాలేదు.

జగడం అయిన కొన్నాళ్ళకు నేను వంటింట్లో గూడు శుభ్రం చేస్తున్నాను. నూనె డబ్బా ఎత్తితే లేవలేదు. అడుగున పాత నూనె కారి, వేడికి గట్టిపడి, బంకలా పట్టుకుని ఉంది. వేలు పెట్టి చూశాను. కారులో చెయ్యి పెడితే ఎలా లాగేదో సరిగ్గా అలాగే లాగింది. డబ్బా అక్కడే వదిలేసి పీటమీద కూర్చున్నాను.

అప్పుడే చెప్పి ఉండాలి. చెప్పలేదు. నూనె పూయడం ఏమంత నేరం? కానీ దాని వెనకాల నా అబద్ధం ఉంది, దాని వెనకాల ఒక పెద్దమనిషి పదిమందిలో మోసగాడనిపించుకోవడం ఉంది, ఒక ఆడమనిషికి పుట్టిల్లు మూతపడటం ఉంది. రేపు చెబుదాం, పండగ పోనీ, కోతలు కానీ అనుకుంటూ రోజులు నెట్టాను. బళ్ళో పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పేటప్పుడు గొంతు నాది కానట్టు ఉండేది.

రెండో ఎండాకాలం నుంచి మామ డ్యాష్‌బోర్డు మీద పచ్చ తువ్వాలు ఒకటి పరచడం మొదలుపెట్టారు. ఈ చివర నుంచి ఆ చివరకు, మీటర్లు కనపడేంత సందు వదిలి, జాగ్రత్తగా సర్దేవారు. ఎవరైనా తీయబోతే "ఉండనీప్పా, దాని జోలి నీకెందుకు" అనేవారు. ఉతకడానికి మా అత్త అడిగినా తానే తీసి ఇచ్చి, ఇంకోటి తానే పరిచేవారు. జిడ్డు కనపడితే ఆయనకు కోపం వస్తుంది కాబోలని నేను అటువైపు చూసేదాన్నే కాదు.

నాలుగో ఎండాకాలంలో పెద్దనాయన కూతురికి పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళికూతుర్ని పీటల మీదికి తీసుకొచ్చేది మేనమామే. ఆ పిల్లకు ఉన్న ఒక్క మేనమామకు పెళ్ళిపత్రిక పోస్టులో వచ్చింది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చూరులో దోపి, "పోస్టులో పిలిస్తే పోస్టులోనే పోవల్ల. నేను పోను" అన్నారు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాకు ఆ పిల్ల పెళ్ళిలో పీటల దగ్గర ఒక చోటు ఖాళీగా ఉంటుంది, అది నేను చేసిన ఖాళీ, ఇక ఎన్నేళ్ళు గడిచినా పూడదు అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం మామ నడవలో కూర్చుని విత్తనానికి కాయలు వలుస్తున్నారు. తొలకరికి ముందు ఆ పని ఆయన మిషనుకు ఇచ్చేవారు కాదు, పప్పు పగులుతుందని చేత్తోనే వలిచేవారు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని నాలుగు కాయలు వలిచాను. ఐదోది చేతిలో చితికిపోయింది.

"మామా, ఒక మాట చెప్పల్ల" అన్నాను.

"చెప్పు."

"కారుకు ఆ బంక నా వల్ల అయింది. ప్లాస్టిక్కు కుళ్ళలేదు. పెద్దనాయన తప్పేం లేదు. నేనే శెనక్కాయల నూనె పూసినా. ఒకసారి గాదు, శుక్రవారం శుక్రవారం పూసినా."

చేతిలో ఉన్న కాయ వలిచి, పప్పులు చాటలో వేసి, పొట్టు పక్కకు ఊదారు మామ.

"తెలుసులేమ్మా" అన్నారు.

"ఏం తెలుసు?"

"నూనె సంగతి. రెండో ఎండాకాలంలోనే తెలిసె. మీటర్ల మీద ఒక తావు ఉండాది సూడు, ఆడ మాత్రం పొడిగా శుద్ధంగా ఉండాది. ప్లాస్టిక్కు కుళ్ళింటే ఆడ గూడా కుళ్ళల్ల గదా? వంగి వాసన జూసినా. శెనక్కాయలు పండిచ్చేటోనికి ఆ నూనె వాసన తెలీదా? నువ్వు బండి కడిగినాకనే గదా మెరిసె అని గ్యాపకానికొచ్చె."

"మరి ఆ తువ్వాలు..."

"ఆ పొడి తావు ఎవురికీ కనపడకూడదని కప్పినా."

నాకు కోపం కూడా వచ్చింది. "తెలిసి గూడా ఎందుకు ఊరుకున్నావు మామా? పెద్దమ్మ ఈ ఇంటికి రాక మూడేండ్లాయె."

ఆయన రెండు కాయలు వలిచారు. "అప్పటికే నలుగుర్లో మోసగాడంటి మీ పెద్దనాయనను. గాదు, తప్పు మాదే అంటే, మరి ఎవురు చేసిరి అంటారు. నీ పేరు చెప్పల్ల. కొత్తగా వచ్చిన పిల్లవు. కోడలొచ్చి అక్కనూ తమ్ముణ్ణీ ఇడగొట్టె అంటాది ఊరు. ఆ మాట ఒగసారి పడితే జన్మంతా పోదమ్మా" అన్నారు. మళ్ళీ ఆయనే, "అదొగటే గాదులే. నాకూ పొగరుండె. బావ ముందర తల వంచేదేందని" అన్నారు.

"నాతో అన్నా అని ఉండొచ్చు గదా."

"నూనెతోనే అట్లాయెనని నీకు తెలీదేమో అనుకుంటి. తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటావని గమ్మునుంటి."

ఆయనకు తెలియదని నేను, నాకు తెలియదని ఆయన. ఒకే ఇంట్లో, ఒకే తువ్వాలుకు అటొకరం ఇటొకరం రెండేళ్ళు గడిపాం. నాకు నవ్వు వచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడుపు వచ్చింది, మళ్ళీ నవ్వు వచ్చింది. మా అత్త వంటింట్లోంచి వచ్చి ఏమైందోనని హడలిపోయింది. గుండెమీద నుంచి తిరగలి రాయి దించినట్టయింది నాకు. అంత తేలిక నా బతుకులో అంతకు ముందు ఎరుగను.

"మొగం కడుక్కో" అన్నారు మామ. "కుంకుడుకాయలు నానబెట్టు. జిడ్డు బండిలో తప్పు ఒప్పుకోను పోతే ఏం బాగుంటాది."

రెండు రోజులు పట్టింది. కారును ఎద్దుల నీడలోకి తెచ్చారు, ఎద్దులు ఎండలో నిలబడ్డాయి. గోరువెచ్చటి కుంకుడు రసంలో పంచెగుడ్డలు ముంచి, పిండి, డ్యాష్‌బోర్డు మీద పరిచి నానబెట్టాం. నానాక మెల్లగా తుడవడం, ఆరబెట్టడం, మళ్ళీ పరచడం. మూలల్లో వంటసోడా ముద్ద పెట్టాం. గాలి వచ్చే సందుల్లోకి కాంపౌండరు ఇచ్చిన స్పిరిట్టు దూదిని పుల్లకు చుట్టి తిప్పాం. నేను తొందరపడి చెంచాతో గీకబోతే మామ చెయ్యి పట్టుకున్నారు.

"గీకొద్దమ్మా. జిడ్డుతో పాటు అడుగునుండే మంచిది గూడా లేసొస్తాది. నాననీ."

ఆ మాట ఆ తర్వాత ఆయన చాలాసార్లు అన్నారు. నా కూతురు చదవడం లేదని నేను అరిచినప్పుడు, మా ఆయనకూ నాకూ మాట పట్టింపు వచ్చినప్పుడు, అరుగుమీద నుంచే "నాననీ" అనేవారు. బళ్ళో మొండి పిల్లల దగ్గర ఇప్పటికీ నాకు గుర్తొచ్చేది ఆ ఒక్క మాటే.

పొరలు పొరలుగా వేపపూత వచ్చింది, పేపరు అక్షరాలు వచ్చాయి, రేడియో పక్క నుంచి ఒక పచ్చ గాజుముక్క వచ్చింది. నా పెళ్ళిగాజు, రుద్దేటప్పుడు పగిలినట్టుంది. మామ దాన్ని వేళ్ళతో పైకెత్తి, "ఇదో సాచ్చెం" అని నవ్వారు. అడుగున డ్యాష్‌బోర్డు గట్టిగా, సన్నటి గింజలు గింజలుగా, బూడిదరంగులో ఉంది. అద్దం పక్కన ఎండ పగుళ్ళు రెండు తప్ప ఏ లోపమూ లేదు. పెద్దనాయన ఇచ్చినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. అరచెయ్యి పెట్టి తీశాను. ఊరికే వచ్చేసింది.

మామా నేనూ గోరంట్ల పోయేసరికి పెద్దనాయన ఇంటిముందు పందిరి వేస్తున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేవలేదు, రమ్మననూలేదు. మామ గడప తొక్కలేదు, కారు దగ్గరే నిలబడ్డారు.

"బావా, తిట్టేది తర్వాత తిడుదువు. ముందర వచ్చి బండిలో చెయ్యి పెట్టు."

పెద్దనాయన కాసేపు బిగుసుకుని కూర్చుని, చివరకు లేచి వచ్చారు. తలుపు తీసి అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద అదిమారు. తీసి చూసుకున్నారు. మళ్ళీ అదిమి చూసుకున్నారు. "ఏమీ అంటలేదే?"

"అంటదు. నువ్వు ఇచ్చినప్పుడు బాగానే ఉండె. మోసం నువ్వు చేయలేదు. నోరు జారింది నేను" అన్నారు మామ. అంతటితో ఆపేశారు.

నా పేరు ఎత్తలేదు. ఎత్తేలా కూడా లేరు. తప్పంతా తన నెత్తిన వేసుకుని ఆ మాటను అక్కడే పూడ్చేద్దామని వచ్చారని నాకప్పుడు అర్థమైంది. నేను ముందుకు వెళ్ళి, పందిరి కడుతున్నవాళ్ళు వింటుండగా అంతా చెప్పాను. ఆయుధపూజ, రవికె గుడ్డ, శుక్రవారాలు, అత్తతో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు.

పెద్దనాయన నన్ను కిందికీ మీదికీ చూశారు. "శుక్రవారం శుక్రవారమా?"

"ఔ పెద్దనాయనా."

"ఇంట్లో దేవునికన్నా అంత నూనె పోస్తివా మా తల్లీ?"

పందిరిమీద ఉన్నవాడు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. పెద్దమ్మ ఎప్పుడు బయటికి వచ్చిందో చూడలేదు, వెనక నుంచి వచ్చి తమ్ముడి వీపుమీద చరిచింది. "మూడేండ్లు రా! నూనెకు మూడేండ్లా?" అంటూ మళ్ళీ మళ్ళీ చరిచి, ఆ వీపుమీదే తల ఆనించి ఏడ్చింది. మామ కదలకుండా నిలబడ్డారు. ఊరు నన్ను ఏమీ అనలేదు. "నూనె కోడలు" అని నాలుగు రోజులు ఎగతాళి చేసి మరిచిపోయింది.

పెళ్ళికూతుర్ని మామే పీటల మీదికి తెచ్చారు. డ్యాష్‌బోర్డు మీది పచ్చ తువ్వాలు ఆయన భుజంమీద ఉంది. ఆ పొద్దున గోరంట్లకు పోతూ తెల్లచొక్కా మోచేతిని కావాలనే డ్యాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్న సంగతి మా ఇంటిల్లిపాదికీ గుర్తు. ఆ ఏడు నాగులచవితికి పెద్దమ్మ వచ్చింది. నాలుగు రోజులకని వచ్చి పదిరోజులు ఉంది.

అప్పటి నుంచి బావా బామ్మర్దులకు అదొక ఆట అయింది. పెద్దనాయన కారు ఎక్కగానే అరచెయ్యి డ్యాష్‌బోర్డుకు అదిమి, తీసి, స్టీరింగు దగ్గరున్న మామ వైపు తిప్పి చూపేవారు.

"అంటిందా బావా?" అనేవారు మామ.

"లేదప్పా."

"అయితే పోదాం."

ఆ తర్వాతే బండి కదిలేది. ఎన్నేళ్ళయినా ఇద్దరికీ విసుగు రాలేదు. మామ నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆ కారులోనే. మొదటిరోజు తాళం ఇస్తూ, "మీటర్ల జోలికి పోయినా ఏం కాదులేమ్మా" అన్నారు, నవ్వు ఆపుకుంటూ.

ఆయన చెప్పిన వాన ఆయన పోయిన మూడోనాడు పడింది. వలిచిపెట్టిన విత్తనం ఉంది గనక మావాళ్ళు పదును పోకుండా విత్తుకున్నారు. కర్మకాండలు ముగిశాక పెద్దనాయననూ పెద్దమ్మనూ గోరంట్లలో దింపడానికి కారు నేనే తీశాను. పెద్దమ్మ వెనక సీట్లో కూర్చుంది. పెద్దనాయన ముందు కూర్చుని తలుపు వేసుకున్నారు. అలవాటుగా అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద అదిమి, తీసి, స్టీరింగు వైపు తిప్పారు. తిప్పాక గానీ అక్కడున్నది నేనని ఆయనకు తోచలేదు. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"అంటిందా పెద్దనాయనా?" అన్నాను.

ఆయన తన అరచేతిని చాలాసేపు చూసుకున్నారు. "లేదమ్మా" అన్నారు. అని, ఆ చేతిని మళ్ళీ డ్యాష్‌బోర్డు మీదే పెట్టుకుని, గోరంట్ల వచ్చేదాకా తీయలేదు.